గాజు దగ్గర కాపీ ప్రాజెక్టు నడవదు

"అన్నా, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఏదైనా ఐడియా చెప్పవా?" టెక్నాలజీ గురించి రాస్తుంటాను కాబట్టి ఏడాది పొడవునా నాకు వచ్చే ప్రశ్న ఇది. సంక్రాంతి సెలవులు దాటాక ఇదే ప్రశ్న కాస్త మారుతుంది. "అన్నా, రెడీమేడ్‌గా ఎక్కడ దొరుకుతుంది?" ఎక్కడ దొరుకుతుందో అడిగేవాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు, వాళ్ల గైడ్‌కీ తెలుసు. ఎంతో కొంత కడితే కోడ్, రిపోర్టు, పీపీటీ, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో వచ్చేస్తాయి. ఇప్పుడైతే ఆ డబ్బు కూడా అక్కర్లేదు, ఏఐ టూల్ ఒక సాయంత్రంలో రాసిచ్చేస్తుంది.

మార్కులు పడతాయి, సందేహం లేదు. చిక్కు ఇంటర్వ్యూలో వస్తుంది. ఎదురుగా కూర్చున్న ఇంజినీర్ "ఇందులో నువ్వు చేసిందేంటి? ఎక్కడ ఫెయిలయింది? ఎందుకు ఫెయిలయింది?" అని అడిగితే ఆ పెన్‌డ్రైవ్‌లో జవాబుండదు.

అందుకే ఈసారి అడిగినవాళ్లకు కొంచెం వింత సలహా ఇస్తున్నాను. ఒక గాజు పలక చేయండి. రెండు గాజు ముక్కల్ని బట్టీలో కరిగించి, ఒకటిగా అతికించి, పగలకుండా బయటికి తీయండి. చదివింది మెకానికల్ అయినా, ఈసీఈ అయినా, మెటలర్జీ అయినా, చివరికి సీఎస్‌ఈ అయినా సరే, ఇందులో మీ సబ్జెక్టు ఉంది. ఎందుకో చెప్తాను.

ఇంతకీ ఏమిటీ పని?

గాజు అనగానే మనకు చేతి గాజులే గుర్తొస్తాయి. తెలుగులో వస్తువుకూ, నగకూ ఒకటే మాట. మన దగ్గర ఈ పని కొత్తదేం కాదు. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో కరిగిన గాజును సన్నని గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే విద్య తరతరాలుగా ఉంది. అక్కడ పనంతా కరిగిన గాజుతో, కొలిమి ముందు నిలబడి చేసేది.

నేను చెప్పే పద్ధతి వేరు. దీన్ని గ్లాస్ ఫ్యూజింగ్ అంటారు. చల్లటి గాజు పలకల్ని ముందే కావాల్సిన ఆకారాల్లో కోసి, ఒకదానిపై ఒకటి పేర్చి, ఎలక్ట్రిక్ బట్టీలో పెట్టి మూత వేస్తారు. తర్వాత పనంతా ఉష్ణోగ్రత, సమయం చేసేవే. సుమారు 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాజు మెత్తబడి కిందున్న అచ్చులోకి వంగుతుంది. గిన్నెలు, పళ్లేలు ఇలాగే తయారవుతాయి. 750 దగ్గర ముక్కలు తమ ఆకారం పోగొట్టుకోకుండా అతుక్కుంటాయి. 800 దాటాక పూర్తిగా కలిసిపోయి ఒకే నున్నటి పలక అవుతాయి. గోడకు పెట్టే ప్యానెళ్లు, ఇంటి నేమ్‌ప్లేట్లు, దీపం షేడ్లు, పెండెంట్లు ఈ మూడు దశల్ని అటూ ఇటూ కలిపి చేసేవే.

వినడానికి తేలికే. కానీ గాజుకు కొన్ని పట్టింపులున్నాయి. మీరు సన్నగా ఒకే పొర పెట్టి పూర్తిగా కరిగిస్తే అంచులు లోపలికి ముడుచుకుంటాయి. మరీ మందంగా పేర్చితే బయటికి పారిపోతుంది. స్వేచ్ఛగా వదిలేస్తే సుమారు 6 మిల్లీమీటర్ల మందం దగ్గర నిలబడాలని చూస్తుంది. కారణం తలతన్యత. ఇంటర్ ఫిజిక్స్‌లో వాన చినుకు గుండ్రంగా ఎందుకుంటుందో చదివారే, అదే. అందుకే ఈ కళలో 3 మి.మీ. పలకలు రెండు పొరలుగా పెట్టడం మామూలు పద్ధతి అయింది.

కరిగించడం సులువే, చల్లార్చడమే పని

చాలామంది 800 డిగ్రీలంటే భయపడతారు. నిజానికి పలక బతుకుతుందా, పగులుతుందా అన్నది తేలేది దిగేటప్పుడు. గాజు ఉష్ణాన్ని మెల్లగా పంపుతుంది. పైభాగం చల్లారి గట్టిపడేసరికి లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. తర్వాత లోపలిది కుంచించుకోవాలని చూస్తుంది, అప్పటికే గట్టిపడిన పైభాగం ఒప్పుకోదు. ఆ గుంజులాట లోపలే ఉండిపోతుంది. దాన్నే స్ట్రెస్ అంటాం.

దీనికి మందు ఎనీలింగ్. గాజు పూర్తిగా గట్టిపడకముందు ఒక ఉష్ణోగ్రత దగ్గర ఆపి, లోపలా బయటా వేడి సమానం అయ్యేదాకా ఉంచి, ఆపైన మెల్లగా దించాలి. మామూలు కిటికీ గాజుకు ఆ ఉష్ణోగ్రత సుమారు 550 డిగ్రీలు. మందం పెరిగేకొద్దీ దించే వేగం తగ్గాలి, అదీ వర్గం లెక్కన. మందం రెట్టింపైతే వేగాన్ని నాలుగో వంతుకు తగ్గించాలి. 1934లో అమెరికాలోని కార్నింగ్‌లో పాలొమార్ టెలిస్కోప్ కోసం 5 మీటర్ల వెడల్పున్న గాజు అద్దం పోతపోశారు. దాన్ని చల్లార్చడానికి పట్టిన కాలం సుమారు 10 నెలలు. అక్కడ తొందరపడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

గాజులో నాకు బాగా నచ్చే గుణం, విద్యార్థికి బాగా పనికొచ్చే గుణం ఇదే. ఇది వెంటనే తీర్పు చెప్పదు. బట్టీ తెరిచినప్పుడు పలక అందంగా మెరుస్తుంటుంది. ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోవచ్చు. లోపల స్ట్రెస్ ఉంటే వారం తర్వాత, ఒక్కోసారి నెల తర్వాత, అల్మారాలో ఎవరూ ముట్టుకోకుండానే చీలిపోతుంది. "నా లాప్‌టాప్‌లో రన్ అయింది సార్" అనే జవాబు ఇక్కడ చెల్లదు. కంటికి బాగుంది కదా అని వదిలేయకుండా, లెక్క వేసి, కొలిచి, నమోదు చేసే అలవాటు దానంతటదే వస్తుంది.

ఒక కళాకారుడి ఇబ్బంది పరిశ్రమ అయింది

"ఇది ఆర్ట్ కదా, ఇంజినీరింగ్‌కు ఏం సంబంధం?" అనేవాళ్ల కోసం ఒక చరిత్ర చెప్తాను.

జర్మనీకి చెందిన క్లౌస్ మోయా గాజు కోయడం, సానపెట్టడం నేర్చిన పనివాడు. రంగురంగుల గాజు ముక్కల్ని పేర్చి బట్టీలో కరిగించి గిన్నెలు చేసేవాడు. ఆయనకు ఎదురైన అడ్డంకి రంగులు. ఎరుపు గాజు, నీలం గాజు వేర్వేరు రసాయనాలతో చేసినవి కాబట్టి వేడికి ఒకేలా వ్యాకోచించవు, ఒకేలా కుంచించుకోవు. కలిపి కరిగిస్తే చల్లారాక అతుకు దగ్గర పగులుతాయి.

అటు అమెరికాలో 1974లో పోర్ట్‌లాండ్ నగరంలో ముగ్గురు యువ గాజు కళాకారులు బుల్స్‌ఐ అనే చిన్న గాజు కంపెనీ మొదలుపెట్టారు. 1979లో వాషింగ్టన్ రాష్ట్రంలోని పిల్‌చక్ గాజు పాఠశాలలో పాఠాలు చెప్పడానికి వచ్చిన మోయాకు ఆ కంపెనీ వాళ్లతో పరిచయమైంది. ఒకదానితో ఒకటి కలిపి కరిగించినా పగలని రంగు పలకలు కావాలన్నది ఆయన కోరిక. 1980ల మొదట్లో బుల్స్‌ఐ అలాంటి పరీక్షించిన పలకల్ని తెచ్చింది. 1982లో ఆస్ట్రేలియా వెళ్లి కాన్‌బెర్రా స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో గాజు విభాగం ప్రారంభించిన మోయా, ఆ గాజుతోనే ప్రపంచానికి కొత్త శైలి చూపించాడు. ఇవాళ ఈ పని చేసేవాళ్లు దుకాణానికి వెళ్లి "90 గాజు కావాలి, 96 గాజు కావాలి" అని అడిగి కొనుక్కుంటున్నారంటే దాని వెనక ఈ కథ ఉంది.

ఆ 90, 96 ఏంటో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. వ్యాకోచ గుణకం. డిగ్రీకి 90 × 10⁻⁷ అన్నమాట. ఒక లెక్క చేద్దాం. 10 సెంటీమీటర్ల పలక 500 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు దిగిందనుకోండి. 90 గాజు సుమారు 0.42 మి.మీ. కుంచించుకుంటుంది. 96 గాజు సుమారు 0.45 మి.మీ. తేడా 0.03 మి.మీ. తల వెంట్రుక మందం కన్నా తక్కువ. పలకను పగలగొట్టడానికి ఆ మాత్రం తేడా చాలు. నిజానికి గుణకం ఒక్కటే సరిపోదు, వేడిలో రెండిటి స్నిగ్ధత కూడా పొంతన కుదరాలి. అందుకే తయారీదారులు అంకెను మాత్రమే నమ్మరు. చిన్న ముక్కను పలకపై కరిగించి, ధ్రువణ కాంతిలో పెట్టి చూస్తారు.

ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. కళాకారుడు తన ఇబ్బందిని కచ్చితంగా చెప్పగలిగాడు. తయారీదారులు దాన్ని మెటీరియల్ సమస్యగా అర్థం చేసుకుని పరీక్ష పద్ధతి పెట్టారు. మధ్యలో ఒక కొత్త మార్కెట్ పుట్టింది. మన కాలేజీల్లో ఈ ఇద్దరూ ఒకరినొకరు కలవరు. ఫైన్ ఆర్ట్స్ వాళ్లు ఒక ఊళ్లో, ఇంజినీరింగ్ వాళ్లు ఇంకో ఊళ్లో. అవకాశాలు ఎక్కువగా ఆ మధ్య ఖాళీలోనే ఉన్నాయని నా అభిప్రాయం.

మీ కాలేజీలోనే మొదలుపెట్టొచ్చు

బట్టీ కొనమని నేను చెప్పడం లేదు. అప్పు చేసి అసలే వద్దు. చాలా ఇంజినీరింగ్ కాలేజీల మెటీరియల్స్ ల్యాబ్‌లో మఫుల్ ఫర్నేస్ ఉంటుంది. ఏడాదిలో రెండుసార్లు హీట్ ట్రీట్‌మెంట్ ప్రయోగానికి తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు. హెచ్‌వోడీకి లేఖ రాసి, ల్యాబ్ ఇన్‌చార్జ్ సార్‌ను అడగండి.

గాజు కోసం విదేశీ పలకలూ అక్కర్లేదు. కిటికీ అద్దాలు కోసే దుకాణంలో మిగిలిన 4 మి.మీ. ముక్కలు అడగండి. ఒక్కటే నియమం, రెండు పొరలూ ఒకే పలక నుంచి కోసినవై ఉండాలి. అప్పుడు పొంతన గురించి భయం లేదు. బీరు సీసా ముక్క ఒకటి, కిటికీ ముక్క ఒకటి కలపొద్దు. టఫెన్డ్ గ్లాస్ అసలు వద్దు, కోయబోతే పొడిపొడిగా రాలిపోతుంది.

పలక ఫర్నేస్ అడుగుకు అతుక్కోకుండా కింద సిరామిక్ పలక పెట్టి, దానిమీద అల్యూమినా, కయోలిన్ కలిపిన పూత వేయాలి. మొదటి ప్రయత్నానికి ఈ అంకెలు పెట్టుకోండి. గంటకు 150 డిగ్రీల చొప్పున 650 దాకా ఎక్కించి, పొరల మధ్య గాలి బయటికి పోయేలా అరగంట ఆపండి. అక్కడి నుంచి సుమారు 830కి తీసుకెళ్లి పది నిమిషాలు ఉంచండి. తర్వాత 550కి దించి గంటసేపు ఆపండి. గంటకు 60 డిగ్రీల చొప్పున 400 దాకా దించి స్విచ్ ఆపేయండి. గది వేడికి వచ్చేదాకా తలుపు తెరవొద్దు. ప్రతి ఫర్నేస్‌లో థర్మోకపుల్ ఒక్కోచోట ఉంటుంది కాబట్టి మీ అంకెలు కొద్దిగా మారతాయి. 700 డిగ్రీల పైన అవసరానికి మించి నిలిపితే ఉపరితలం మీద స్ఫటికాలు కట్టి పలక మసకబారుతుంది, అదీ గమనించండి.

అసలు ప్రాజెక్టు ఇక్కడ మొదలవుతుంది. ఒకే గాజు, ఒకే కొలత. ఒక పలకకు 550 దగ్గర గంట ఆపండి, ఇంకోదానికి ఆపకుండా దించండి. మూడోదానికి మందం మార్చండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. తర్వాత స్ట్రెస్ చూడటానికి పాత ఎల్‌సీడీ మానిటర్ చాలు. దాని తెర నుంచి వచ్చేది ధ్రువణ కాంతే. తెరను తెల్లగా పెట్టి, ముందు గాజు పలక ఉంచి, పోలరైజ్డ్ కళ్లద్దాన్ని తెర నల్లబడేదాకా తిప్పి చూడండి. నల్లటి తెర మీద గాజులో ఎక్కడైనా వెలుగు మరకలు కనిపిస్తే అక్కడ స్ట్రెస్ ఉన్నట్టే. పరికరానికి లక్షలు పెట్టే పని మీ హాస్టల్ గదిలో అయిపోతుంది.

సీఎస్‌ఈ వాళ్లు ఆ ఫొటోల్లో వెలుగును లెక్కించే ప్రోగ్రాం రాయొచ్చు. ఈసీఈ వాళ్లు థర్మోకపుల్, పీఐడీ కంట్రోలర్‌తో ఉష్ణోగ్రత లాగర్ చేయొచ్చు. కానీ మెయిన్స్ కరెంటు వైరింగ్ మాత్రం తెలిసినవాళ్ల సమక్షంలోనే. గాజు కోసేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. సానపట్టేటప్పుడు నీళ్లు పోస్తూ పట్టాలి, పూత పొడి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి. గాజు ధూళి, పూత పొడి ఊపిరితిత్తులకు మంచివి కావు.

డబ్బులొస్తాయా?

ఇది అడక్కుండా ఎవరూ ఊరుకోరు, అడగాలి కూడా. "హాబీని బిజినెస్ చేసుకోండి" అనే వీడియోలు చూసి ఊగిపోకముందు కాగితం మీద లెక్క వేయండి.

40 సెంటీమీటర్ల చదరపు అర ఉన్న బట్టీలో 10 సెం.మీ. కోస్టర్లు, మధ్యలో ఖాళీ వదిలితే 9 పడతాయి. ఎక్కించి, నిలిపి, దించేసరికి ఏడెనిమిది గంటలు, పైన చల్లారడానికి రాత్రంతా. అంటే రోజుకు ఒకటే లోడు. 3 కిలోవాట్ల బట్టీ సగం సమయం కరెంటు తీసుకుంటుందనుకుంటే 7 గంటలకు పది, పదకొండు యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా ఒక్కో ముక్కకు 10 రూపాయల లోపే. అందరూ భయపడే కరెంటు బిల్లు ఇక్కడ చిన్న ఖర్చు.

పెద్ద ఖర్చులు వేరే ఉన్నాయి. బట్టీ ధర, ఫ్యూజింగ్ గాజు ధర, కోసి సానపట్టే మీ గంటలు, పాడైపోయే ముక్కలు, కొరియర్‌లో పగిలేవి, షాపువాడి కమీషన్. నెలకు 25 లోడ్లు వేస్తే 225 ముక్కలు, రోజుకొకటి పోయినా 200 మిగులుతాయి. 200 ముక్కలు చేయడం మీ చేతిలో ఉంది. ప్రతి నెలా 200 మందితో కొనిపించడం మీ చేతిలో లేదు. కోస్టర్‌కైతే బజార్లో చవక సరుకుతో పోటీ. అదే పేరు రాసిన నేమ్‌ప్లేట్, పూజగది తలుపుకు పెట్టే ప్యానెల్, ఇంటీరియర్ డిజైనర్ కొలతలిచ్చి అడిగే దీపం షేడ్ అయితే కథ వేరు. అక్కడ ధర నిర్ణయించేది వస్తువు ఒక్కటే కాదు, చెప్పిన కొలతకు చెప్పిన రోజున పగలకుండా ఇస్తారన్న నమ్మకం కూడా. ఆ నమ్మకం మళ్లీ ఎనీలింగ్ దగ్గరే పుడుతుంది.

కాబట్టి నా మాట స్పష్టంగా చెప్పేస్తా. డిగ్రీ చేతికి రాగానే గాజు కళతో బతికేస్తామనుకోవడం తొందరపాటు. ఉద్యోగం చూసుకుంటూ, పది మంది అపరిచితులు డబ్బిచ్చి కొన్నాక ఆలోచించాల్సిన విషయం అది.

మరి ఉద్యోగానికి దీంతో ఏం ఒరుగుతుంది?

"అందరూ డేటా సైన్స్, ఏఐ నేర్చుకుంటుంటే మేం గాజు ముక్కలు కాల్చుకోవాలా?" సబబైన ప్రశ్నే. వాటిని మానేయమని నేను అనడం లేదు. కోడింగ్ ప్రాక్టీసుకు ఇది బదులు కాదు. ప్రాజెక్టు స్థానంలో మాత్రమే దీన్ని పెట్టమంటున్నాను.

ఎక్కించు, నిలుపు, దించు. ఈ వక్రరేఖ గాజుతో ఆగిపోదు. సర్క్యూట్ బోర్డుల మీద విడిభాగాలు అతికించే రీఫ్లో ఓవెన్‌లో అదే ఉంటుంది. వాహనాల గేర్లకు చేసే హీట్ ట్రీట్‌మెంట్‌లో, సిరామిక్ పరిశ్రమలో అదే ఉంటుంది. మన సరిహద్దు దాటగానే శ్రీపెరంబుదూర్‌లో సెయింట్ గోబెయిన్ ఫ్లోట్ గ్లాస్ ప్లాంటు ఉంది. అలాంటి ప్లాంట్లలో కిలోమీటర్ల కొద్దీ గాజు రోజంతా మెల్లగా చల్లారుతూ నడుస్తుంది, సూత్రం మీ పది సెంటీమీటర్ల పలకదే. ఇంకా లోతుగా వెళ్లాలనుకుంటే కోల్‌కతాలో సెంట్రల్ గ్లాస్ అండ్ సిరామిక్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. డిజైన్ వైపు మనసుంటే అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో సిరామిక్, గ్లాస్ డిజైన్‌లో పీజీ ఉంది. ఇంజినీరింగ్ చదివి అటు వెళ్లొచ్చని మన పిల్లల్లో చాలామందికి ఎవరూ చెప్పరు.

వీటన్నిటికంటే ముఖ్యం మీ నోట్‌బుక్. ప్రతి కాల్పుకు తేదీ, గాజు మందం, ఎక్కించిన వేగం, నిలిపిన సమయం, వచ్చిన ఫలితం, పగిలిన ముక్క ఫొటో. పగిలినవి దాచేయొద్దు. అతుకు వెంబడి పగిలితే పొంతన లేదని, అంచులు మొద్దుబారి ఉంటే ఎక్కేటప్పుడే పగిలిందని, అంచులు పదునుగా ఉంటే దిగేటప్పుడు పగిలిందని ఆ ముక్కే చెబుతుంది. ఇంటర్వ్యూలో "ఎక్కడ ఫెయిలయింది?" అన్న ప్రశ్నకు నోట్‌బుక్‌లో ఆ పేజీ తీసి చూపించినవాడికి ఇంగ్లిష్ కాస్త తడబడినా ఇబ్బంది లేదు. తను చేసిన పని గురించి మాట్లాడేవాడి గొంతులో తేడా ఎదుటివాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

గాజే కావాలని పట్టుదల లేదు. మీ ఊళ్లో కుమ్మరి ఆవం ఉంటే అదీ ఇదే పాఠం చెబుతుంది. కానీ నాలుగేళ్లు చదివి, అమ్మానాన్నలు కట్టిన ఫీజులకు గుర్తుగా, మీ చేత్తో చేసి మీ నోటితో వివరించగలిగిన వస్తువు ఒక్కటైనా ఉండాలి కదా. ఈ సెమిస్టర్ ఇంకా మిగిలే ఉంది. ఎల్లుండి కాలేజీకి వెళ్లినప్పుడు మెటీరియల్స్ ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి.